మామ పికప్పు, మా ఇంటి పిడకలు

ఇనుము వంగితే ఇనుమును తిట్టాలి గానీ ఇంటాయనను తిట్టకూడదు. పెళ్లయిన పదకొండేళ్లలో మా ఆవిడ కమలాక్షమ్మతో నేను గట్టిగా అన్న మొదటి మాట ఇది. "ఇనుము తనంతట తానే పోయి రాయిని గుద్దిందా?" అని ఆమె అంతకంటే గట్టిగా అడిగింది. దాంతో నా గట్టిదనం ఖర్చయిపోయింది.

మొదటి నుంచి చెబుతాను. మధ్యలో నవ్వితే మాత్రం లేచి పోతాను.

మా మామ ఓబుళయ్యది ఆళ్లగడ్డ. పత్తి వ్యాపారం. జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం ఉంటుంది. పత్తి పోగును దానితో చూసిగానీ ధర చెప్పడు. అలవాటు ముదిరిపోయి జొన్నరొట్టెను కూడా దానితో చూసిగానీ తుంచడు. పెళ్లికి ముందు నన్ను చూడడానికి వచ్చినప్పుడు నా చెవిలోకి కూడా చూశాడు. ఏం కనబడిందో నేటికీ చెప్పలేదు. ఊళ్లో అందరూ ఆయనను భూతద్దం ఓబుళయ్య అంటారు. నేను మాత్రం మామా అంటాను. భయం.

ఆ మామకు ఒక పికప్పు ఉండేది. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేస్తే పాడి తెచ్చుకున్నాడు. పదేళ్లయినా దాని ముఖం మీద ఒక్క సొట్ట లేదు. యాభై ఏడులో ఆయన కొత్త లారీ కొన్నాడు. పాత పికప్పు ఎవరికివ్వాలన్నది సమస్య. అల్లుళ్లం ఇద్దరం. నేను పెద్దవాణ్ణి, నంద్యాలలో విత్తనాల అంగడి. రెండోవాడిది ప్యాపిలి.

మామ తీర్పు చెప్పాడు. "చెరొక నెల తోలుకోండి. సొట్ట లేకుండా ఎవరు తెస్తే వాళ్లది."

ప్యాపిలి అల్లుడి నెల ముందు అయిపోయింది. బండి ఎలా తిరిగి వచ్చిందో మామ నోరు విప్పలేదు. తరువాత నెల నాది. నాకు ఆ బండి ఎంత అవసరమో మీకు తెలుసు. తొలకరి పడీ పడగానే సంజామల రైతులకు విత్తనం చేరాలి. నేను ఎద్దుల బండి కట్టించుకుని పోయేలోపల ఎదుటి అంగడివాడు అమ్మేసి, భోంచేసి, నాకు ఎదురొస్తూ దండం పెడతాడు. పికప్పు ఉంటే ఆ దండం నేనే పెట్టవచ్చు.

నెల రోజులూ దాన్ని పసిబిడ్డలా చూసుకున్నాను. శుక్రవారం మామ వచ్చి చూస్తాడనగా, మంగళవారం సాయంత్రం మా సందు మలుపు తిప్పాను.

ఆ మలుపులో ఒక బండరాయి ఉంది. ఎద్దుల బండ్లు మా గోడను ఒరుసుకోకుండా మా తాత పాతించాడు. ఆ రాయి ఆయన మాట నిలబెట్టింది. గోడకు ఏమీ కాలేదు.

దిగి చూశాను. ఎడమ మడ్‌గార్డు అరిటాకు దొప్పలా లోపలికి పోయింది. బంపరు ఒక కొస మడుచుకుని చక్రాన్ని తాకుతోంది. ఆ పక్క దీపం మెడ విరిచి ఆకాశంలో చుక్కలు లెక్కపెడుతోంది.

కమలాక్షి గుమ్మంలోకి వచ్చింది. బండిని చూసింది. రాయిని చూసింది. నన్ను చూడలేదు.

"హుస్సేన్ పీరాన్నను పిలిపిచ్చు" అంది.

"ఆయన్నెందుకే?"

"వంగిన ఇనుమును సరిచేసేది ఆయనే కదా. ఇంగ పూజారిని పిలవమంటావా?"

హుస్సేన్ పీరా మా పేటలో కమ్మరం చేస్తాడు. పనిమంతుడే. కాని సుత్తి దెబ్బకొక వార్త చెబుతాడు. అందుకే నేను ఆయనకు టముకు పీరా అని పేరు పెట్టాను. ఇవాళ ఆయన కొలిమిలో పడ్డ సంగతి రేపు ఆళ్లగడ్డ బస్సులో కూర్చుని ఉంటుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. కిందటేడు నలుగురిలో ఆయనతోనే, "సుత్తి పట్టేదానికి తెలివెందుకు పీరా, రెక్కలుంటే చాలదా?" అన్నాను. ఇప్పుడు ఆ రెక్కల దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని పోను?

"నేనే సరిచేస్తా" అన్నాను.

"నువ్వా?"

"నేనే. ఇనుమే కదా. ఒక పక్కకు వంగింది రెండో పక్కకు వంగదా?"

"వంగుతాది" అంది మా ఆవిడ. "అదే నా భయం."

బుధవారం పొద్దున్నే పని మొదలుపెట్టాను. నా ఆలోచన సులభమైనది. వంగిన బంపరుకు ఇనుప గొలుసు కట్టాలి. గొలుసు రెండో కొసను మా వసారా రాతి స్తంభానికి కట్టాలి. బండిని వెనక్కి నడిపితే బంపరు దానంతటదే సాగి వస్తుంది.

గొలుసు బిగిస్తుంటే కమలాక్షి వచ్చి నిలబడింది.

"ఏమయ్యా, స్తంభం మీద ఏముంది?"

"కప్పు."

"కప్పు మీద?"

"నువ్వు ఎండబెట్టిన మిరపకాయలు."

"కండ్లు బాగానే కనపడతాండాయి" అని లోపలికి పోయింది. పోతూ పోతూ, "ఇప్పటికైనా పీరాన్నను పిలిపిచ్చు" అంది.

బండి ఎక్కి వెనక గేరు వేశాను. గొలుసు బిగిసింది. బంపరు కిర్రుమంది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ తొక్కాను. ఢామ్మని శబ్దం వచ్చింది. విజయోత్సాహంతో తల బయట పెట్టి చూస్తే స్తంభం నా వెంట నడిచి వస్తోంది. దాని వెనకనే వసారా కప్పు వంగి నమస్కారం చేసింది. రెండు మణుగుల మిరపకాయలు నా నెత్తిన దిగాయి.

తుమ్ములన్నీ అయ్యాక బంపరు చూశాను. లోపలికి వంగిన కొస నిజంగానే బయటికి వచ్చింది. కాకపోతే ఆగవలసిన చోట ఆగలేదు. పందెం ఎద్దు కొమ్ములా ముందుకు పొడుచుకుని నిలబడింది.

"సాగిందా?" అని అడిగింది మా ఆవిడ.

"సాగింది."

"మా నాయన వస్తే ఎదురుగా నిలబడొద్దని చెప్పాల. కడుపులో పొడుస్తాది."

గురువారం బంపరు జోలికి పోలేదు. మడ్‌గార్డు మీద పడ్డాను. మరలు విప్పి దాన్ని దొడ్లోకి మోసుకుపోయాను. మా రోలు గుంత చూడగానే బుర్ర వెలిగింది. మడ్‌గార్డు గుండ్రం, రోలు గుండ్రం. రేకును రోలు మీద పరిచి, రోకలితో లోపలి నుంచి దంచితే సొట్ట బయటికి పోతుంది. సొట్ట ఎటు పోయిందీ తరువాత చూసుకోవచ్చు.

దంచడం మొదలుపెట్టాను. పేటంతా మోగిపోయింది. పక్కింటి సారమ్మ గోడ మీదుగా తల పెట్టింది.

"ఏం దంచుతాండావు మద్దిలేటన్నా?"

"కారం."

"కారం ఇంత మోత చేస్తాదా?"

"బాగా ఎండిన కాయలులే సారమ్మా."

"నిన్న నీ నెత్తిన పడినవేనా?" అని అడిగి ఆమె తల దించుకుంది. గోడ వెనక నుంచి చాలాసేపు నవ్వు వినబడింది.

మధ్యాహ్నానికి ఉన్న ఒక్క సొట్ట మాయమైంది. దాని స్థానంలో నలభై బొప్పులు లేచాయి. నేను ఎక్కడెక్కడ కొట్టానో ఎవరైనా లెక్కపెట్టి చెప్పవచ్చు. కమలాక్షి నీళ్ల బిందె చంకన పెట్టుకుని దాన్ని చుట్టూ తిరిగి చూసింది.

"కాకరకాయ మాదిరి వచ్చింది" అంది. "ఇంగ ఉప్పు పూసి వేయించేదే."

"నీకు ఎగతాళిగా ఉంది. రేపు బండి ప్యాపిలికి పోతే అప్పుడు తెలుస్తాది."

"ఎవరు పోనిచ్చేది? ఆ పీరాన్నను పిలిపిచ్చు."

"పిలవను! ఇంకొకసారి ఆ మాట అంటే చూడు!"

"ఇది మూడోసారి. ఇంగ అనను" అంది. నిజంగానే అనలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. కాని అనుమానానికి తీరిక ఉండాలి కదా.

శుక్రవారం తెల్లవారింది. మామ మధ్యాహ్నానికి వస్తాడు. ముఖం కడుక్కుంటుంటే అసలైన ఉపాయం తట్టింది. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం మీరందరూ చూసినవారే. చుట్టూ పిడకలు పేర్చి పట్టాను ఎర్రగా కాలుస్తారు. చక్రం మీదికి దించి, కడవలతో నీళ్లు పోస్తారు. పట్టా చచ్చినట్టు బిగుసుకుంటుంది. బండి పట్టా ఇనుమే, బంపరూ ఇనుమే. ఎర్రగా కాల్చి, నాలుగు దెబ్బలు కొట్టి, నీళ్లు పోస్తే సరి. ఇంత చిన్న సంగతి బుధవారమే తట్టనందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

"కమలాక్షీ, పిడకలు కావాల."

"ఎన్ని?"

"ఒక గంప చాలు."

ఆమె నాలుగు గంపలు తెచ్చి దొడ్లో దింపింది.

"నాలుగెందుకే?"

"మంట చాలకపోతే మళ్లీ అడుగుతావని."

అంత ప్రేమగా పిడకలు మోసిన పెళ్లాన్ని అనుమానించాలని ఏ మగవాడికీ తట్టదు.

బంపరు విప్పి పిడకల మధ్య పెట్టి నిప్పు అంటించాను. పొగ మా దొడ్డి దాటి, పేట దాటి, మిట్టమీదికి ఎక్కింది. బంపరు ఇంకా వేడెక్కలేదు. దొడ్డి తలుపు తోసుకుని ఒక బండి చక్రం దొర్లుకుంటూ లోపలికి వచ్చింది. దాని వెనక కృపావరం పరుగెత్తుకొచ్చాడు. ఎద్దుల బండి తోలుతాడు ఆయన.

"మద్దిలేటన్నా, మొదటి పట్టా నాదే. ముందే చెప్తాండా."

"పట్టా ఏంది? యాడి పట్టా?"

ఈలోపల రెండో చక్రం వచ్చింది. తరువాత మూడు. లెక్కపెడితే తొమ్మిది. వాటి వెనక ఆడవాళ్లు నీళ్ల కడవలతో వరుసగా దిగారు. ముందు సారమ్మ.

మా వైపు పద్ధతి మీకు తెలుసు. ఒక్క చక్రం కోసం అన్ని పిడకలు తగలబెడితే పాపం. ఎవరి దొడ్లో మంట లేచినా పేటలోని వదులు చక్రాలన్నీ అక్కడికి వస్తాయి. ఎవరూ పిలవరు, ఎవరూ కాదనరు. కాదన్నవాడి బండి దారిలో పట్టా ఊడి నిలబడితే పలకరించేవాడు ఉండడు. నేను కూడా నోరు మూసుకున్నాను.

మూసుకుని ఊరుకున్నా బాగుండేది. అంతమంది చూస్తున్నారనేసరికి నాలో ఒక కమ్మరి లేచాడు. ఎర్రబడిన బంపరును పట్టకారుతో లాగి బండ మీద పెట్టి కొట్టాను. చెబితే నమ్మరు, అది వెన్నలా వంగింది! పందెం ఎద్దు కొమ్ము పోయింది. వంకర పోయింది. పలుపుతాడు లాగి కట్టినట్టు తిన్నగా వచ్చింది.

"ఓయబ్బా!" అన్నాడు కృపావరం.

ఆ మాట నా నెత్తికెక్కింది. "నీళ్లు!" అని అరిచాను. సారమ్మ కడవ వంచింది. బుస్సుమని ఆవిరి లేచింది. ఆవిరి తగ్గాక ఒంటి కన్ను మూసి చూశాను. ఒక కొసన గోరంత వంపు మిగిలింది. గోరంతే. వదిలేయవచ్చు. కాని చూసేవాళ్లు తొమ్మిది చక్రాల మంది. సుత్తి తలపైకి ఎత్తి ఒక్క దెబ్బ వేశాను.

టంగుమంది.

బంపరు రెండయింది.

గుంపు వెనక నుంచి ఒక గొంతు నెమ్మదిగా వినబడింది. "ఇప్పుడు రెండు బండ్లకు సరిపోతాది."

హుస్సేన్ పీరా. సుత్తులు, కొలిమితిత్తి, తమలపాకులు అన్నీ సర్దుకుని ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో, గోడకు ఆనుకుని నములుతున్నాడు. చక్రాలు ఉన్నచోటికి కమ్మరి రాకుండా ఉంటాడా?

"పీరా, ఏందప్పా ఇది? బండి పట్టాకు నీళ్లు పోస్తే ఏమీ కాదే?" అన్నాను.

"పట్టా మెత్తని ఇనుమన్నా. నీళ్లు తాగి సక్కగా ఉంటాది. ఈ బంపరు బండి బరువు మోసే కమాను మాదిరి ఉక్కు. కాల్చి నీళ్లు పోస్తే గాజయితాది. గాజును నువ్వు కొట్టినావు." ఆకు ఉమ్మి మళ్లీ అన్నాడు. "రెక్కలు మాత్రం బాగుండాయిలే."

నేను తల వంచుకున్నాను. వంచిన తల ఎదుటికి కమలాక్షి వచ్చి కొలిమితిత్తి తాడు నా చేతికిచ్చింది. "ఊదు" అంది.

ఊదాను. పీరా ముందు కాకరకాయ మడ్‌గార్డును ఇసుక నింపిన గోనె మీద పెట్టాడు. కొయ్య సుత్తితో తడుతూ పోయాడు. కొట్టలేదు, తట్టాడు. బిడ్డను నిద్రపుచ్చుతున్నట్టు తట్టాడు. బొప్పులు ఒక్కొక్కటే పడుకున్నాయి. దీపం మెడను ఒక పిడికెడు నిప్పు మీద వేడి చేసి నేల చూపులకు దించాడు. విరిగిన బంపరు ముక్కలను జత చేసి, వెనక పాత బండి పట్టా ముక్క ఆనించి, ఆరు చోట్ల శీలలు దిగ్గొట్టాడు. మధ్య మధ్యలో తొమ్మిది చక్రాలకూ పట్టాలు ఎక్కించాడు. ప్రతి దెబ్బకూ ఒక వార్త చెప్పాడు. అన్ని వార్తలూ నా గురించే.

బండికి చివరి మర బిగిస్తుండగా సందులో కొత్త లారీ హారన్ మోగింది.

మామ దిగాడు. రాగానే మంచినీళ్లు కూడా అడగలేదు. భూతద్దం తీసి బండి ముందర కూర్చున్నాడు. మడ్‌గార్డు మొదటి నుంచి చివరి దాకా చూశాడు. దీపం చూశాడు. బంపరు దగ్గరికి వచ్చి ఆగాడు.

"అల్లుడా, ఈ శీలలేంది?"

నా నోరు నన్నడగకుండానే తెరుచుకుంది. "బలం కోసరం మామా. ఇప్పుడు మద్రాసులో అన్ని బండ్లకూ ఇట్లే కొడతాండారంట."

"మద్రాసులోనా?"

"అవు మామా. నీ బండికి లేకపోతే బాగుండదని నేనే నిలబడి చేయిస్తి."

"మీ వసారా కప్పు కూడా మద్రాసు మోస్తరేనా?"

నేను కప్పు వైపు చూడలేదు. మామ జేబులోంచి ఒక చీటీ తీసి, భూతద్దం దాని మీదికి జరిపి, అందరికీ వినబడేలా చదివాడు.

"నాయనా, మంగళవారం సాయంత్రం బండి రాయికి తగిలింది. ముందర వంగింది. ఈయన తానే సరిచేస్తానంటాండాడు. సొట్ట చేయని అల్లుడు నీకు ఈ జన్మలో దొరకడు. బండిని బాగు చేయించినోళ్లకు ఇయ్యి. ఇట్లు, కమలాక్షి."

"చీటీ ఎప్పుడు పంపితివే?" అన్నాను.

"నువ్వు స్తంభానికి గొలుసు కడతాంటివే, అప్పుడు. ఆళ్లగడ్డ బస్సు డ్రైవరు చేతికిచ్చినా."

మామ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అమ్మాయి చెప్పింది న్యాయమే. ప్యాపిలోడు బండి తెచ్చిన దినం ఒక తలుపు లేదు. తలుపేదిరా అంటే గాలి బాగా వస్తాది మామా అన్నాడు. కొత్త తలుపు వేయించి నీకు పంపిస్తి. ఇంగ సొట్టల్లేని అల్లుణ్ణి యాడ వెతికేది? సరే. పీరా, నిన్ను ఈ పనికి పిలిచింది ఎవరప్పా?"

నేను పీరా వైపు చూశాను. ఆ చూపులో కిందటేటి మాటకు క్షమాపణ ఉంది, వచ్చే ఏటికి మూడు గంపల పిడకలు ఉన్నాయి. టముకు పీరా నన్ను చూసి జాలిగా నవ్వాడు.

"కమలక్క పిలిచింది. మొన్న బుధవారమే మా ఇంటామె ఖైరున్నీసాకు చెప్పి పంపింది. 'శుక్రవారం మా దొడ్లో మంట ఉంటాది, పేటలో వదులు చక్రాలన్నీ ఆ పొద్దే తెమ్మని చెప్పు, పీరాన్నను పెద్ద సుత్తి, చిన్న సుత్తి రెండూ తెమ్మను' అని."

"ఆగాగు" అన్నాను. "మంట సంగతి నాకు ఈ పొద్దు తెల్లవారి తట్టింది. బుధవారమే ఈమెకెట్లా తెలుసు?"

తొమ్మిది చక్రాల మంది మా ఆవిడ వైపు తిరిగారు.

"పదకొండేండ్లు కాపురం చేసినా" అంది కమలాక్షి. "ఏ వస్తువు చెడినా నువ్వు ఒక దినం లాగుతావు. రెండో దినం కొడతావు. రెండూ కాకపోతే మూడో దినం తగలబెడతావు. మన గోడ గడియారం అట్లే పోలేదా?"

సారమ్మ కడవ కింద పెట్టి, దాని పక్కనే కూలబడి నవ్వింది. ఆమె అలా కూర్చుని నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

"అయితే నాకొక మాట చెప్పకూడదా?" అన్నాను. "పిలిచినోళ్లకే బండి అని తెలిసింటే నేనే పిలుస్తాంటి కదా!"

"మూడు మార్లు చెప్తి. ఒకసారైనా పిలిచింటే నీదే అయితాండె. వద్దంటివి. నేనేం చేసేది, ఊరికే పోనిచ్చేదా?"

మామ తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టాడు. దాన్ని ఆమె కొంగున ముడివేసుకుంది. ఆ ముడి వేసే తీరు చూస్తే దాన్ని విప్పే వేళ్లు నంద్యాలలో ఆమెకు తప్ప ఇంకెవరికీ లేవని తెలిసిపోతోంది. మామ భూతద్దం జేబులో వేసుకుంటూ నా చెవి వైపు ఒకసారి చూశాడు. ఈసారీ ఏమీ చెప్పలేదు.

అబద్ధం చెప్పకూడదు, ఆ ఏడు తొలకరికి సంజామలకు మా విత్తనమే ముందు చేరింది. ఎదుటి అంగడివాడు దారిలో ఎదురొస్తే దండం పెట్టాను. వాడు తిరిగి పెట్టాడు గానీ నాకు కాదు, పక్క సీట్లో కూర్చున్న ఆమెకు. రైతులు కూడా "మద్దిలేటి అంగడి విత్తనం" అనడం మానేశారు. "కమలక్క బండి విత్తనం" అంటున్నారు. నేను ఆ బండికి డ్రైవర్ని. జీతం లేదు. భోజనం ఉంది.

ఈ పూట మీ దగ్గరికి నడిచి వచ్చానేమని అడిగారు కదా. బండి ఇంట్లోనే ఉంది. తాళంచెవి అడిగాను. ఆమె రొట్టె తడుతూనే మూడు ప్రశ్నలు వేసింది. "యాడికి పోతాండావు? ఎప్పుడొస్తావు? యాడన్నా సొట్ట పడితే ఎవరిని పిలుస్తావు?"

మొదటి రెండింటికీ టకటకా జవాబు చెప్పాను. మూడోదాని జవాబు కూడా నాకు తెలుసు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

అక్కడే ఆగిపోయింది. చెప్పులేసుకుని వచ్చేశాను.